ఉతకని గుడ్డ

బట్టలారేసే పెరటి నుంచి,
సోమవారం

పంతులమ్మ మరదలికి,

నీ వదిన చెబుతుంటే ఇస్త్రీ ఆయన రాస్తున్న ఉత్తరం ఇది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రాశాక చదివించుకుని వింటాను. మధ్యలో తన మర్యాదలు కలిపితే ఇస్త్రీపెట్టె కాలి మీద పెడతానన్నాను కాబట్టి నువ్వు నమ్మి చదువుకోవచ్చు.

నా మీద నింద పడింది. నలభై ఏళ్ళుగా ఆసుపత్రి దుప్పట్లు ఈ చేతుల మీదుగానే పోతున్నాయి. రక్తం మరక, మందు మరక, ఏది వదల్లేదు చెప్పు? పోయిన వారం బండెడు దుప్పట్లు వెనక్కి వచ్చాయి. విప్పి చూస్తే తెలుపు పోయి తడిసిన సిమెంటు రంగులో ఉన్నాయి. దుప్పట్ల స్టోరు చూసే ఆయన కూడా వచ్చాడు. "పెద్దమ్మా, వయసైపోయింది, చేతిలో పట్టు తగ్గింది, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. విశ్రాంతి అనే మాటతో మనిషిని పాతిపెట్టడం చదువుకున్నవాళ్ళకే చేతనవును. నిన్ను అనడం లేదులే.

నా వాదన విను. ఆ దుప్పట్లనే మళ్ళీ సోడాలో ఉడకేశాను. బండ మీద నేనే ఉతికాను. పిండితే నీళ్ళు అద్దంలా దిగాయి. పొద్దున తీగ మీద పాలమీగడలా ఉన్నాయి. సాయంత్రం తీసేటప్పటికి మళ్ళీ సిమెంటు. పిండడానికీ మడత పెట్టడానికీ మధ్య వాటిని ముట్టుకున్నది ఎవరు? గాలి ఒక్కటే. మరి దొంగ ఎవరు?

అదే అన్నాను ఆయనతో. కొండల్లో అడవి తగలబడుతోందట, ఆ పొగ దిగుతోంది, ఎండ చూడు రాగి రేకులా ఉంది అన్నాను. ఆయన నన్ను వీధి చివరికి తీసుకెళ్ళి గాలి ఆఫీసు వాళ్ళ బోర్డు చూపించాడు. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. గాలి శుభ్రంగా ఉందని అర్థమట. "మీటరు అబద్ధం చెబుతుందా పెద్దమ్మా?" అన్నాడు.

వచ్చే నెల చివర ఆసుపత్రి కమిటీ ముందు నా మాట చెప్పుకోవాలి. గాలి ఆఫీసు ఆవిడనీ పిలుస్తారట. నేను ఓడితే పెరట్లో పదకొండు మంది ఆడవాళ్ళ పని పోతుంది. నా చేతికి చెడ్డపేరు మిగులుతుంది.

నువ్వు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదానివి. ఒకే గాలి దుప్పటికి ఒక మాట, బోర్డుకి ఒక మాట ఎలా చెబుతుంది? నాకు కోపం కంటే ఇదే ఎక్కువ తొలుస్తోంది. మంట ఉన్నది నీ వైపే కదా, ఏ రోజు రేగుతోందో రాయి. మా తమ్ముడు పోయాక ఆ కొండ కింద ఒక్కదానివే ఉన్నావు. బాగున్నావా?

(చివరి మాట మూడుసార్లు చెప్పారు. నేను ఒక్కసారే రాశాను. — ఇస్త్రీ ఆయన)

నీ వదిన వేలిముద్ర


కొండ కింది ఇంటి నుంచి,
శనివారం

వదినగారికి,

నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. మంట రెండు కొండల అవతల ఉంది. రాత్రిళ్ళు ఆకాశం అంచు ఎర్రగా కనిపిస్తుంది, అంతే. కిటికీలు మూసుకుంటున్నాను. నా గురించి దిగులు పడకండి.

మీ ప్రశ్న నాలుగు రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది. బడిలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్న ఒక్కరు అడిగినా ఆ ఏడాదికి తృప్తిగా ఉండేది. పొగలో కంటికి ఆనని సన్నటి నుసి ఉంటుంది వదినా. కంటికి కనిపించే బూడిద దగ్గర్లోనే రాలిపోతుంది. ఈ నుసి మాత్రం గాలితో పాటు ఎంత దూరమైనా పోతుంది, తడి గుడ్డ దొరికితే అతుక్కుంటుంది, ఊపిరి దొరికితే లోపలికే వెళుతుంది. మీ దుప్పటి చెప్పేది నిజమే. బోర్డు ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకూ తెలియదు.

ఒక పని చేయండి. రోజుకో తెల్ల గుడ్డముక్క తడిపి తీగకి కట్టండి. సాయంత్రం తీసి దాచండి. దయచేసి ఉతకకండి. ఏ రోజుదో గుర్తు పెట్టండి. ఇక్కడ మంట ఎప్పుడు పైకి లేచిందో నేను రాసి పెడుతున్నాను. ఈ వారం సోమవారం మధ్యాహ్నం ఒకసారి, గురువారం సాయంత్రం ఒకసారి. ఇకపైనా రాసి పంపుతాను. మీ గుడ్డలూ నా రోజులూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇస్త్రీ ఆయన దస్తూరి ముచ్చటగా ఉంది. పొల్లులు మాత్రం తినేస్తున్నారు.

మీ మరదలు


బట్టలారేసే పెరటి నుంచి,
మూడు వారాల తర్వాత, ఆదివారం

మరదలా,

పొల్లుల మాట విని ఇస్త్రీ ఆయన రెండు రోజులు నాకు కలం పట్టనన్నాడు. బతిమాలి కూర్చోబెట్టాను. ఇకపై ఆయన్ని దిద్దకు, నా పని ఆగిపోతుంది.

నీ మొదటి ఉత్తరంలోనూ, ఆ తర్వాత పంపినదాంట్లోనూ ఉన్న రోజులన్నీ చెప్పించుకున్నాను. గుడ్డలు కట్టాను. నాకు రాత రాదు కదా, ముళ్ళు వేశాను. సోమవారానికి ఒక ముడి, మంగళవారానికి రెండు, అలా ఆదివారానికి ఏడు. మూడు వారాల గుడ్డలు మంచం మీద పరిచి, పక్కన నీ మంట రోజులు బొగ్గుతో గీసుకుని చూశాను. చూస్తే నాకే నవ్వొచ్చింది. నీ సోమవారం మంట నాకు బుధవారం పొద్దున దిగుతోంది! మూడు ముళ్ళ గుడ్డ మూడు వారాలూ నల్లబడింది. గురువారం మంట శనివారానికి. మధ్యలో గుడ్డలు మామూలుగానే ఉన్నాయి. ఒక్కసారే తప్పింది, ఆ రోజు గాలి అటువైపు తిరిగిందని నీళ్ళు తోడే ఆవిడ సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు పెరట్లో అందరికీ ఇదే పిచ్చి. "రేపు పంతులమ్మ పొగ వస్తుందా పెద్దమ్మా?" అని అడిగి దుప్పట్లు లోపల ఆరేస్తున్నారు. అడవి పొగకి నీ పేరు పెట్టేశారు. ఏమీ అనుకోకు.

బోర్డు మాత్రం మూడు ముళ్ళ రోజు కూడా ఆకుపచ్చే. దాని ఎదురుగా నిలబడి గుడ్డ చూపించాను. సిగ్గు లేదు దానికి.

సరే, అసలు మాట. నీ ఉత్తరం చదివించుకునే ముందు వాసన చూస్తాను. చదువు లేకపోతేనేం, ముక్కు ఉంది. మొదటి కాగితం కొద్దిగా కమిలిన వాసన. రెండోది పొయ్యిలోంచి తీసినట్టుంది. "బాగానే ఉన్నాను, మంట దూరం" అని అక్షరాలు అంటున్నాయి. కాగితం ఆ మాట అనడం లేదు. ఎవరిని నమ్మను?

నువ్వు పడుకునే గదిలో ఒక తెల్ల గుడ్డ తడిపి ఒక రోజంతా వేలాడదీసి నాకు పంపు. నీ పాఠమే నీకు అప్పజెబుతున్నాను.

వదిన


కొండ కింది ఇంటి నుంచి,
గురువారం

వదినగారికి,

రెండు రోజుల ప్రయాణం చేసే పొగని ముళ్ళతో పట్టుకున్నారు! మీ ఉత్తరం ఇక్కడి పిల్లలకి చదివి వినిపించాను. బడి మూసేశారు, అయినా ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తూ ఉంటారు. "ఆ పెద్దమ్మ మా బడికి వస్తుందా?" అని అడిగారు.

మీరు అడిగిన గుడ్డ జత చేశాను. చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. పొయ్యి పక్కన కూర్చుని రాయడం వల్ల కాగితానికి వాసన పట్టి ఉంటుంది.

బోర్డు సంగతి ఆలోచించాను. బోర్డు తనంతట తాను చూడలేదు వదినా. దానికి చెప్పే యంత్రం వేరే ఎక్కడో ఉంటుంది. గోడ మీదో, స్తంభం మీదో ఒక పెట్టె. దానికి బోర్లించిన గరాటులాంటి నోరు ఉంటుంది. ఆ నోటితో గాలి పీల్చి, అందులో నుసి ఎంతుందో చూసి బోర్డుకి చెబుతుంది. ఆ పెట్టె ఎక్కడుందో కనుక్కోండి. దాని నోరు ఏ గోడ చాటునో, ఏ చెట్టుకొమ్మలోనో ఉందేమో చూడండి. తప్పు అక్కడే ఉండాలి.

మీ మరదలు


బట్టలారేసే పెరటి నుంచి,
ఆదివారం

మరదలా,

ముందు నీ సంగతి తేలుస్తాను. నలభై ఏళ్ళు బట్టలు ఉతికినదాని దగ్గరికి ఉతికిన గుడ్డ పంపుతావా? పచ్చ సబ్బు, బకెట్లో రెండు జాడింపులు, నీడపట్టున ఆరేశావు, కొసల్లో సబ్బు ఇంకా పోలేదు. పన్నెండేళ్ళ కింద మా ఇంటికి వచ్చినప్పుడు ఎలా ఉతికావో ఇప్పుడూ అలాగే ఉతికావు. దాచడానికే ఉతికావు. ఎంత నల్లబడితే అంత దాచాలనిపిస్తుందని నాకు తెలియదా? నీ మీద చాలా కోపంగా ఉంది. కానీ ఆ కోపం తీర్చుకునే యోగ్యత నిన్న పొద్దుటి నుంచి నాకు లేకుండా పోయింది. ఎందుకో చెబుతాను.

నీ మాట మీద పెట్టె కోసం వెతికాము. ఇస్త్రీ ఆయన, నేను, నీళ్ళు తోడే ఆవిడ, ముగ్గురం వీధంతా తలలెత్తుకుని తిరిగాం. పావురాలు తప్ప ఏమీ కనబడలేదు. అలిసిపోయి పెరట్లోకి వచ్చి కూర్చున్నాను. ఇస్త్రీ ఆయన నీ ఉత్తరం మళ్ళీ చదువుతున్నాడు. "బోర్లించిన గరాటులాంటి నోరు" అనేసరికి లేచి పెరటి గోడ వైపు తిరిగాను.

ఆ నోరు నాకు తెలుసు. దానికి బట్ట కుట్టింది నేనే.

మూడేళ్ళ కింద ఎవరో వచ్చి మా పెరటి గోడ మీద ఒక తెల్ల పెట్టె బిగించి వెళ్ళారు. ఏమిటని అడిగితే ఆఫీసుదన్నారు. ఇస్త్రీ ఆయన ఫోన్లదన్నాడు, ఇంకొకరు కెమెరా అన్నారు. బోర్డు వీధి చివర, పెట్టె మా గోడ మీద, ఈ రెండింటికీ చుట్టరికం ఉందని మాకెవరు చెప్పారు? అది రోజంతా సన్నగా గురక పెడుతుంది. మేం దుప్పట్లు దులిపినప్పుడల్లా నూగు లేచి దాని నోట్లోకి పోతోంది. చూసి ప్రాణం ఉసూరుమంది. మూగజీవంలా అనిపించింది. ఆపరేషను గదికి వాడే మెత్తటి గుడ్డ నాలుగు మడతలు వేసి, నోటికి సరిగ్గా పట్టేటట్టు సంచి కుట్టి, ఎలాస్టిక్ వేసి తొడిగాను. ప్రతి శుక్రవారం తీసి, ఉతికి, ఆరేసి, రెండో సంచి తొడుగుతాను. ఒక్క వారం తప్పలేదు.

మరి వాళ్ళెవరూ చూడలేదా అంటావు. ఆరు నెలలకోసారి ఒకతను వస్తాడు. ముందు రోజే ఫోను చేసి, రేపు వస్తున్నాం, పెట్టె దగ్గర అడ్డం లేకుండా చూడండి అంటాడు. మనింటికి ఎవరైనా వస్తుంటే పాత దుప్పటి తీసేస్తామే, అలా సంచి తీసి, పెట్టెని తడిగుడ్డతో తుడిచి పెడతాను. అతను చూసి "ఇంత శుభ్రమైన పెట్టె ఎక్కడా లేదు పెద్దమ్మా" అని మెచ్చుకుని వెళతాడు. నేను పొంగిపోతాను.

మూడేళ్ళుగా ఈ వీధి మొత్తం నా సంచి వడకట్టిన గాలినే బోర్డు మీద చూస్తోంది మరదలా. దుప్పటి నిజమే చెప్పింది. బోర్డు అబద్ధం చెప్పలేదు. నేను దాని నోరు కట్టి నిజం చెప్పమన్నాను. పైగా ప్రతి శుక్రవారం నా సాక్ష్యాన్ని నేనే ఉతికి పారబోశాను.

కమిటీ వచ్చే శుక్రవారం. ఇస్త్రీ ఆయన ఏమంటాడంటే, "పెద్దమ్మా, సంచి తీసేసి నోరు మూసుకోండి. రేపటికి బోర్డు ఎర్రబడుతుంది. స్టోరు ఆయన నోరు కూడా మూతపడుతుంది. మీ పేరు నిలుస్తుంది." ఆయన మాట అబద్ధం కాదు. (నేనన్నది నిజమే. ఇప్పటికీ అదే అంటున్నాను. — ఇస్త్రీ ఆయన) నోరు విప్పితే ఆఫీసు యంత్రం పాడుచేసిన ముసల్ది అంటారు. దుప్పట్ల పని పోతుంది, పదకొండు మంది నన్ను తిట్టుకుంటారు.

కానీ వీధి చివర బడి ఉంది. డ్రిల్లు మేష్టారు రోజూ బోర్డు చూసి, ఆకుపచ్చగా ఉంటేనే పిల్లల్ని మైదానంలో పరుగెత్తిస్తాడు. మూడు ముళ్ళ రోజున కూడా పరుగెత్తించాడు. దగ్గుకుంటూ పరుగెత్తడం ఈ కళ్ళతో చూశాను. మొన్నటి దాకా బోర్డుని తిట్టాను. ఇప్పుడు ఎవరిని తిట్టను?

సంచి ఇంకా తీయలేదు. నువ్వు చెప్పు.

వదిన


కొండ కింది ఇంటి నుంచి,
మంగళవారం

వదినా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. శుక్రవారం లోపు అందాలి.

అవును, ఉతికాను. ఆ రోజు గుడ్డ చూసి నేనే భయపడ్డాను. మంట రెండు కొండల అవతల కాదు, నెల కిందటే ఈ కొండ వెనక్కి వచ్చింది. తలుపు కింద తడి తువ్వాలు కుక్కి పడుకుంటున్నాను. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు రెండు నెలలైనా కిందికి వెళ్ళిపొమ్మన్నారు. ఎక్కడికి వెళ్ళను? ఉన్న చోటు మీ ఇల్లొక్కటే. పన్నెండేళ్ళ కింద మీ ఇంట్లో నేను ఉతికి ఆరేసిన బట్టలన్నీ తీగ మీంచి తీసి, ఒక్క మాట కూడా అనకుండా మీరు మళ్ళీ ఉతికారు. నేను కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్ళూ మీతో ఆ మాట అనలేకపోయాను. ఆయాసంతో వచ్చి ఇంకోసారి మీ కంటికి ఆననిదాన్నవడం ఇష్టం లేక "బాగానే ఉన్నాను" అని రాస్తూ వచ్చాను.

ఒక గుడ్డముక్క విషయంలోనే నిజం దాచినదాన్ని, మీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. కానీ మీరు అడిగారు. చెప్పేయండి వదినా. ఇస్త్రీ ఆయన చెప్పినట్టు చేస్తే రేపటి నుంచి బోర్డు నిజం చెబుతుంది, సరే. పోయిన మూడేళ్ళ మాటేమిటి? ఆ కాగితాలు చూసి ఎవరో ఎక్కడో ఈ వీధి గాలి మంచిదని ఇంకా నమ్ముతూనే ఉంటారు. తప్పు లెక్క మీద కొత్త లెక్క వేస్తే అదీ తప్పే అవుతుంది. పిల్లలకి నేను చెప్పిన మొదటి పాఠం అదే.

ఈ శుక్రవారం సంచి మాత్రం ఉతకకండి.

నా పడకగది కిటికీ తెర జత చేశాను. నెల రోజులుగా ఉతకలేదు. ఈసారి చూసుకోండి.

మీ మరదలు


బట్టలారేసే పెరటి నుంచి,
శనివారం

మరదలా,

నిన్నటి సంగతి మొత్తం చెబుతాను. అడ్డు రాకుండా విను.

శుక్రవారం పొద్దున నిచ్చెన ఎక్కి సంచి నేనే తీశాను. తిరగేసి చూశాను. పొయ్యి గొట్టం లోపలిలా ఉంది. చేతులు అలవాటుగా సబ్బు వైపు వెళ్ళాయి. ఇస్త్రీ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బయటపెట్టొద్దన్న సాక్ష్యాన్ని చివరికి ఆయనే కాపాడాడు.

కమిటీ గదిలో పొడుగు బల్ల. స్టోరు ఆయన ఒక చివర, గాలి ఆఫీసు ఆవిడ ఇంకో చివర. నేను బల్ల మీద ముళ్ళ గుడ్డలు వరసగా పరిచాను. ఇది సోమవారం మంట, ఇది బుధవారం పొగ అని వేలితో చూపించాను. గాలి ఆఫీసు ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఇదెవరు నేర్పారమ్మా?" అంది. మా మరదలు, పంతులమ్మ అన్నాను. స్టోరు ఆయన, "ఇదంతా సరే, మీటరు మాత్రం గాలి బాగుందంటోంది కదా" అన్నాడు. ఆ మాట కోసమే ఆగాను. సంచి తీసి బల్ల మధ్యలో పెట్టాను.

"మీటరు నోటికి ఇది కట్టింది నేను. మూడేళ్ళయింది" అన్నాను.

స్టోరు ఆయన లేచి, "అంటే ఈవిడే యంత్రం పాడుచేసి, ఈవిడే గాలి మీద ఫిర్యాదు చేస్తోందా!" అని అరిచాడు. అవును నాయనా, అక్షరాలా అదే అన్నాను. ఆవిడ సంచి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మిగతా శుక్రవారాల సంచులేవమ్మా?"

"ఉతికేశాను."

"అయ్యో, ఎందుకు ఉతికారు?"

"మాసిన గుడ్డ ఉతక్కుండా ఎలా ఉంటాం తల్లీ?"

కమిటీలో ఒకాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఉతక్కుండా ఉంటే మూడేళ్ళ గాలి ఈ గుడ్డల్లో దొరికేది" అంది, నాకు చెప్పినట్టు కాదు, తనకే చెప్పుకున్నట్టు. ఆ మాట నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. తర్వాత నీ కిటికీ తెర విప్పాను. ఇది మంట పక్కన నెల రోజులున్న గది అన్నాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "ఆ గదిలో ఇంకా మనిషి ఉన్నారా?" అని అడిగింది.

తీర్పు విను. నా ఉతుకులో లోపం లేదని రాశారు, స్టోరు ఆయన చేతనే చదివించారు. పొగ దిగే రోజుల్లో బయట ఆరేయకూడదన్నారు. దుప్పట్లలో సగం ఆసుపత్రి వాళ్ళ యంత్రానికి పోతాయి, మిగతా సగం మేం షెడ్డులో ఆరేసుకోవాలి. పదకొండు మందీ ఉంటారు, పని మాత్రం తగ్గింది. అది నా సంచి చేసిన నష్టం. మొహం మీదే అన్నారు, పడ్డాను. మూడేళ్ళ బోర్డు లెక్కలు నమ్మదగ్గవి కావని కొట్టేశారు. ఆ కాగితం కింద నా వేలిముద్ర వేయించుకున్నారు. పెట్టె జోలికి మళ్ళీ పోకూడదని ఇంకో వేలిముద్ర. ఒకే రోజు రెండు వేలిముద్రలు, ఒకటి గెలిచినందుకు, ఒకటి ఓడినందుకు.

ఈ రోజు శనివారం, నీ గురువారం మంట దిగే రోజు. పొద్దున్నే బోర్డు చూడ్డానికి వెళ్ళాను. ఎర్రగా ఉంది. డ్రిల్లు మేష్టారు దాని ఎదురుగా నిలబడి తల గోక్కున్నాడు, ఈల జేబులో పెట్టుకున్నాడు, పిల్లల్ని లోపలికి తోలుకెళ్ళాడు. పెరట్లో ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని, "మీటరుకి కట్టిన సంచులన్నా ఉంచావు కాదు పెద్దమ్మా, మాకు పనికొచ్చేవి" అని ఎగతాళి చేస్తున్నారు. నోరు కట్టుకున్నా వీళ్ళ నోరు ఆగదు.

ఇక నీ ఉత్తరం. ఇస్త్రీ ఆయన చదువుతూ, కిటికీలోంచి చూశాననే చోట ఆగిపోయాడు. చదవమన్నాను. నువ్వు చూశావని నాకు తెలియదు మరదలా. నీ ఉతుకు బాగాలేదని కాదు, అవును, బాగాలేదు, కానీ అందుకు కాదు. నా చేతులకి మాసిన గుడ్డ కనబడితే చాలు. నీ గుడ్డ, దుప్పటి, మీటరు సంచి, అన్నీ ఒకటే వాటికి. ఉతికితే మంచి చేశాననుకుంటాను. ఏం కడిగి పారేస్తున్నానో చూసుకోను. ఈ వయసులో తెలిసింది.

నీ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు చేతే ఇదీ పంపుతున్నాను, రేపటికి అందుతుంది; సోమవారం పొద్దున ఆయన మళ్ళీ మీ కొండ దగ్గర ఆగుతాడు. నీ కోసం ముందు సీటు ఉంచమన్నాను. మంట సోమవారం రేగితే పొగ బుధవారం గానీ ఇక్కడికి రాదు, నువ్వు సాయంత్రానికే వస్తావు. పొగ కంటే ముందు రావాలి. పెట్టెలు సర్దుతూ కూర్చోకు, కట్టుబట్టలతో రా.

ఆ కట్టుకున్నవి కూడా ఉతక్కుండా రా. ఈసారి ముందు చూస్తాను. తర్వాత నువ్వు ఉతుకు, నేను తీగ పట్టుకుంటాను.

నీ వదిన వేలిముద్ర